మూడు చచ్చిన కార్లూ, ఒక చేతి క్లచ్చూ

కోపం తెచ్చుకోకుండా ఈ సంగతి చెప్పమంటే నా వల్ల కాదు. "అయిపోయింది కదమ్మా, ఇప్పుడైనా నవ్వుకుంటూ చెప్పుకోవచ్చు కదా" అంటారు మావాళ్ళు. నవ్వుకోడానికి ఏటుంది అందులో? మా నాన్న మంచివాడు. వెల్డరు బాబాయి మంచివాడు. ఎలక్ట్రీషియన్ భయ్యా అయితే మరీ మంచివాడు. నాకొచ్చిన చిక్కంతా ఆ మంచితనంతోనే. చెడ్డవాళ్ళయితే నాలుగు తిట్లు తిట్టి తలుపేసుకునేదాన్ని.

నాకు రెండో ఏడు నిండకుండానే పోలియో వచ్చింది. కుడికాలు గట్టిగానే ఉంది, ఎడంకాలు ఒట్టి పేరుకి. తొడ దాకా ఇనప పట్టీల కాలిపరు తగిలించుకుంటే నిలబడతాను, చేతికర్ర పట్టుకుని మెల్లిగా నడుస్తాను. బీయెడ్ చేసి, భిలాయిలోనే సెక్టర్ 4లో ఒక బడిలో లెక్కలు చెప్పేదాన్ని. మా క్వార్టరు రుఆబాంధాలో. బడికీ ఇంటికీ రోజూ రిక్షాయే గతి.

తొంభైల్లో ఒక వానాకాలం పొద్దున్న రిక్షా చక్రం నీళ్ళ గుంటలో దిగబడింది. రిక్షావాడు కిందకి దిగి, నన్నొక్క మాట అడక్కుండా, రెండు చంకల కిందా చేతులు పెట్టి ఎత్తీసి, తీసుకెళ్ళి చాయ్ దుకాణం బల్ల మీద కూచోబెట్టేడు. నేను తడిసిపోతానని, పాపం. బల్ల మీదున్న ఇద్దరు లేచి నిలబడి "అరెరె, బేచారీ" అని జాలిపడ్డారు. నాకప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. నేను బోర్డు వైపు తిరిగితే నలభైమంది పిల్లలు నోరు మూసుకుంటారు. అలాంటిదాన్ని సిమెంటు బస్తాలాగ మోసుకెళ్ళి బల్ల మీద పెట్టేడు. ఆ రోజంతా తడి చీరతో భిన్నాలు చెప్పేను. ఎవర్ని కొట్టేనో, ఎందుకు కొట్టేనో నాకే తెలీదు.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉన్నారు. నాన్న సైకిలు మీదకి, మామయ్య రైలుపెట్టెలోకి, పెళ్ళిళ్ళలో మొహం తెలీనివాళ్ళు మెట్ల మీదకి. ఎత్తొచ్చా అని అడిగినవాడు లేడు. అడగడం దేనికి, సాయం కదా!

ఆ సాయంత్రం నాన్న అన్నం తింటూండగా చెప్పేను. "నాన్నా, నాకు కారు కావాలి. నేనే నడుపుతాను."

నాన్న ముద్ద చేతిలోనే ఆపేడు. "కారా? మనకెక్కడి కారే అమ్మీ? మా సెక్షన్ సాబే స్కూటరు మీదొస్తన్నాడు."

అమ్మ వంటింట్లోంచి, "స్కూటరుకి వెనకాల మరి రెండు చిన్న చక్రాలేసి ఇస్తారట కదే, అది కొనుక్కోకూడదా?" అంది.

ఆ స్కూటరు మాట ఆ తరవాత ప్రతీవాడూ అన్నాడు. వానొస్తే ఏటి చెయ్యను? మడవని కాలిపరు ఎక్కడ పెట్టను? చీర చక్రంలో పడితే? ఇవన్నీ ఒకరికి చెప్పడానికి పనికొచ్చే జవాబులు. అసలు జవాబు ఏటంటే నాకు కారు కావాలి, అంతే. కావాలనుకోడానికి కూడా కాలుండాలా?

మా నాన్న స్టీలు ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫిట్టరు. విజయనగరం పక్కనుంచి ఇరవై ఏళ్ళ వయసులో ఇక్కడికొచ్చి, రిటైరయ్యే రోజులు దగ్గర పడ్డా, పాడైన మిషను చూస్తే ఒళ్ళు ఊరుకోని మనిషి. "చచ్చిన మిషనంటూ లేదు, విప్పడం చేతకానివాడున్నాడు అంతే" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆ మాటే పట్టుకున్నాను. "అయితే చచ్చిన కార్లు కొందాం. నువ్వు బతికించు" అన్నాను. నాన్న కళ్ళు ఒక్కసారి మెరిసేయి. అప్పటికి నేను గెలిచీసేననుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో!

పవర్ హౌస్ బజారు దాటేక పాత ఇనప సామాన్లు అమ్మే కబాడీ దుకాణాలున్నాయి. నాన్నా, పక్క క్వార్టరు వెల్డరు బాబాయీ ఆదివారాలు అక్కడే తిరిగి మూడు పాత అంబాసిడర్లు పట్టేరు. ఒకటి దుర్గ్‌లో టాక్సీగా తిరిగి తిరిగి ఇంజను పోయింది. కాగితాలు సరిగ్గా ఉన్నాయి, బాడీ పర్వాలేదు, అడుగంతా చిల్లులు. రెండోది ఏదో ఆఫీసు వేలంలో తీసీసింది. తలుపు లాగితే తుప్పు రాలి చేతికొస్తుంది, ఇంజను మాత్రం బంగారం. మూడోది చెట్టుకి గుద్దుకుని మూతి పగిలింది. గేరుబాక్సూ తలుపులూ సీట్లూ పనికొస్తాయి. డబ్బు నాది. ఆ మాట ఒక్కసారి చెప్తాను, లెక్కలు చెప్పను.

మూడింటినీ ట్రాక్టరుకి కట్టి మా వీధిలోకి లాక్కొస్తూంటే పిల్లలు వెనకాల పరిగెత్తేరు. ఎదురింటావిడ "ఓలమ్మ, ఇళ్ళ మధ్యన కబాడీ దుకాణం పెడతారేటి?" అని గేటు దగ్గరకొచ్చి అడిగింది. నాన్న క్వార్టరు పక్కన వెదురు కర్రలు పాతి, పైన రేకులేసి షెడ్డు కట్టేడు. టాక్సీ దానికి మిగతా రెండింటి ప్రాణం పొయ్యాలని తీర్మానం.

పని మొదలయ్యేక తెలిసింది అసలు గోల. చేసేవాళ్ళు ముగ్గురు. నాన్నా, బాబాయీ కాక, ప్లాంటులో నాన్నతో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ భయ్యా, రాజ్‌నాంద్‌గావ్ వైపు మనిషి. ముగ్గురివీ మూడు షిఫ్టులు, వారం వారం మారేవి. ఒకడు నిద్రపోతూంటే ఒకడు డ్యూటీలో ఉంటాడు, మూడోవాడు మా షెడ్డులో ఉంటాడు. నాన్న బిగించిన బ్రేకు పైపు అడ్డొచ్చిందని బాబాయి విప్పీసేవాడు. బాబాయి అతికిన చోటే వైరు పోవాలని భయ్యా కన్నం పెట్టేవాడు. మర్నాడు నాన్న వచ్చి తల బాదుకుని మళ్ళీ మొదటికి. ముగ్గురు వైద్యుల చేతిలో రోగి అయిపోయింది నా కారు.

ప్లాంటులో ఇలాంటిది జరగనివ్వరు. షిఫ్టు మారేటప్పుడు రిజిస్టరు అప్పజెప్పాలి. ఏ బోల్టు విప్పేరో, ఏది వదులుగా ఉందో, దేన్ని ముట్టుకోకూడదో అంతా రాసి సంతకం పెట్టాలి. రాయకుండా పార్టు విప్పినవాడు ఎంత పనిమంతుడైనా వాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు. చిన్నప్పట్నుంచీ అన్నం దగ్గర నాన్న నోట విన్న నీతిశాస్త్రం అదే. కాబట్టి బడిలోంచి ఒక పెద్ద నోటుబుక్కు తెచ్చి, షెడ్డులో మేకుకి తగిలించి, అట్ట మీద "రిజిస్టరు" అని రాసేను. మొదటి పేజీలో రెండే ముక్కలు. క్లచ్చు చేత్తో. డ్రైవరు నేను. కింద ముగ్గురిచేతా సంతకాలు పెట్టించేను. భయ్యా నవ్వి, "దీదీ తో పక్కీ ఫోర్‌మన్ హై" అంటూ హిందీలో సంతకం చేసేడు.

రాయమంటే ముగ్గురికీ బద్ధకమే. "నీ రాత బాగుంటాది తల్లీ, నువ్వే రాసీ" అనేవారు. బడి నుంచి రాగానే స్టూలు మీద కూచుని, ఆ పూట ఉన్నవాడు చెప్పింది రాసుకునేదాన్ని. ముందువాడు ఏటి చేసేడో చదివి వినిపించేదాన్ని. వాళ్ళ ముగ్గురికీ తలో ముక్కే తెలుసు. మొత్తం కారు తెలిసినదాన్ని నేనొక్కర్తినే. ఏ నట్టుకి ఏ పానా పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. అయినా షెడ్డు ముందునుంచి పోయేవాళ్ళు ఆగి, "ఏటమ్మా, కాలక్షేపమా?" అని అడిగేవారు. పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం అంటారే, అలాగుండేది. కాలక్షేపం వాళ్ళ ముగ్గురిదీ. ఇంట్లో పెళ్ళాలకి దొరక్కుండా చేతులకి నల్ల నూనె పూసుకుని, బీడీలు కాల్చుకుంటూ, పదహారేళ్ళవాళ్ళైపోయేరు ముగ్గురూ.

అడుగు సంగతి చెప్పాలి. కారు అడుక్కి పల్చటి రేకు చాలు. బాబాయికి పల్చటి రేకు ముట్టుకోడమంటే తల కొట్టేసినట్టు. జన్మంతా వేలు మందం ఉక్కు అతికిన చెయ్యి అది. కబాడీలో వెతికి వెతికి మందపాటి ప్లేటు తెచ్చి, మేము చూసేలోపు అడుగంతా పరిచి అతికీసేడు. "ఇంక వందేళ్ళు చూడక్కర్లేదు తల్లీ" అని చెమట తుడుచుకున్నాడు. జాకీ దింపేరు. కారు కూలబడింది. వెనక చక్రాలు సగం దాకా మడ్‌గార్డుల్లోకి దూరిపోయేయి. ఆ రోజు ముగ్గురికీ ఒకేసారి ఆఫు, ముగ్గురూ చుట్టూ తిరిగి చూసేరు. ప్లేటు తీసీద్దామని ఒక్కడి నోటంటా రాలేదే! స్ప్రింగులకి ఇంకో రెండు పట్టీలు ఎక్కిద్దామన్నారు. ఉక్కు బరువైపోతే ఇంకా ఉక్కు! ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా పుట్టదు ఇలాంటి బుద్ధి.

"కార్లో నేను తిరగాలా, దీంతో రోడ్డు చదును చెయ్యాలా?" అని అరిచేను. మర్నాడు కూచుని ప్లేటంతా కోయించేను. బాబాయి రెండ్రోజులు మొహం మాడ్చుకుని మా ఇంటి ముందునుంచి కాకుండా వెనక సందులోంచి డ్యూటీకెళ్ళేడు.

దానికైనా నవ్వొచ్చింది తరవాత. వెనక సీటు చూస్తే మాత్రం ఒళ్ళు మండింది. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి మూడో కారు సీటుకి దూదీ స్పాంజీ కుక్కి ఎత్తు పెంచేరు. ఎడంకాలు చాపుకోడానికి ముందు చిన్న పీట. పట్టుకోడానికి పైన బస్సుల్లో ఉండే రాడ్డు. ముగ్గురిలో ఎవరు చేసేరంటే ముగ్గురూ నేనంటే నేనన్నారు. "మహారాణీలాగ కూచుంటావు" అన్నాడు బాబాయి. రిజిస్టరు తీసి పెద్దక్షరాలతో రాసేను, నేను వెనక కూచోను అని. చదివేరు. నవ్వేరు. పీట తియ్యలేదు.

చేతి క్లచ్చు మాత్రం నాన్న చేసేడు. బొమ్మ నేను గీసేను. అంబాసిడరుకి గేరు స్టీరింగు పక్కనే, ఎడం చేతికి ఉంటుంది. బ్రేకూ యాక్సిలరేటరూ కుడికాలికి. నాకు అడ్డం వచ్చేది క్లచ్చు ఒక్కటే, అది ఎడంకాలితో తొక్కాలి. అందుకని రెండో కారు హ్యాండ్ బ్రేకు లీవరు ఊడదీసి, స్టీరింగు కింద కుడిపక్కన అమర్చి, అక్కణ్ణించి క్లచ్చు పెడల్‌కి ఒక రాడ్డు కలిపేడు. లీవరు కిందకి నొక్కితే పెడలు దానంతటదే దిగుతుంది. కుడిచేత్తో లీవరు, ఎడంచేత్తో గేరు, ఆ క్షణం స్టీరింగుని మోచేత్తో ఆపుకోవాలి. వారం రోజులు ఆకురాయి పెట్టి పిడిని నున్నగా అరగదీసేడు నాన్న. ఎంత బాగా కుదిరిందో చెప్పలేను. ఇంత బాగా చేసినవాడు అలా చేస్తాడని ఎవరనుకుంటారు?

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఇంజను ఆపున్న కార్లో కూచుని సాధన చేసేదాన్ని. లీవరు నొక్కు, గేరు వెయ్యి, లీవరు వదులు. వందసార్లు, రెండొందలసార్లు. నాన్న గుమ్మంలో టీ గ్లాసు పట్టుకుని చూసేవాడు. మురిసిపోతున్నాడనుకున్నాను. నా మొహం!

విశ్వకర్మ పూజనాడు కారు బయటికి తియ్యాలని ముహూర్తం. మా ఊళ్ళో విశ్వకర్మ అంటే మాటలు కాదు. ప్లాంటంతా పూలదండలు, ఇంటింటా పనిముట్లకి పసుపూ కుంకం. ఆవాళ ఎవ్వడూ పనిముట్టు పట్టడు. పానా కాదు, సుత్తి కాదు, స్క్రూ డ్రైవరు కూడా ముట్టరు. ముట్టుకుంటే ఏడాదంతా చేతికి దెబ్బలే అంటారు. వేలు తెగినవాళ్ళూ చెయ్యి పోయినవాళ్ళూ వీధికి ఒకళ్ళున్న ఊళ్ళో ఆ మాట ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

కారుకి తెల్లరంగు వేసేరు. బంతిపూల దండ కట్టేరు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేరు. వీధి వీధంతా మా గేటు దగ్గరుంది. నేను కొత్త చీర కట్టుకుని, కర్ర పట్టుకుని డ్రైవరు తలుపు దగ్గరకెళ్ళేను. లోపల ఎవడో కూచునున్నాడు. తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. నన్ను చూసి "నమస్తే మేడమ్" అన్నాడు.

"ఎవడు నాన్నా ఇతను?"

"డ్రైవరు అమ్మీ" అన్నాడు నాన్న, ఎటో చూస్తూ. "నేనే మాట్లాడేను. జీతం నేనిస్తానులే. రోజూ నిన్ను బడికి దింపి తెస్తాడు. నువ్వు వెనకాల హాయిగా కూచో."

లోపలికి తొంగి చూసేను. స్టీరింగు కింద లీవరు లేదు. రాడ్డు లేదు. బోల్టులుండాల్సిన చోట కన్నాలున్నాయి.

కర్ర ఊనుకుంటూ షెడ్డులోకి వెళ్ళి రిజిస్టరు తెచ్చి, అందరి ముందూ ఆఖరి పేజీ తీసేను. "ఏదీ, చూపించు. లీవరు విప్పినట్టు ఎక్కడ రాసుంది? ఎవరి సంతకం ఉంది? ముప్ఫై అయిదేళ్ళ సర్వీసులో రాయకుండా ఒక్క పార్టు విప్పలేదంటావే, నా దగ్గర విప్పుతావా?"

బాబాయి నేల చూపులు చూసేడు. భయ్యా బీడీ పారేసేడు. నాన్న మాత్రం, "భయమేసిందే" అన్నాడు. "నువ్వు అలాగ ఊరికే నొక్కుతూంటే కూడా నాకు గుండె దడదడలాడేది. లారీలొస్తాయి, ఆవులడ్డొస్తాయి. నీకేదైనా అయితే నేనేటైపోవాలి?"

"నీ భయానికి నా చెయ్యి ఊడదీస్తావా?" అన్నాను. అరిచేననుకుంటాను, ఎదురింటావిడ పిల్లని వెనక్కి లాక్కుంది. "కాలు దేవుడు తీసుకున్నాడు, పోనీ. చెయ్యి నువ్వు తీసీసేవు. నిన్నెవరడిగేరు నాన్నా? ఎత్తుకోడం తప్ప ఇంకేటీ రాదా మీకు?"

నాన్న మొహం పాలిపోయింది. నాకు జాలెయ్యలేదు. ఇప్పుడు తలుచుకున్నా వెయ్యదు. "ఊరుకోమ్మా, పెద్దాడు, పండగ పూట" అన్నారు ఎవరో. పండగ నాకు లేదేటి?

అప్పుడు మా అమ్మ గుమ్మం దిగి వచ్చింది. చేతిలో పాత బనీనులో చుట్టిన మూట. తెచ్చి నా చేతిలో పెట్టింది. లీవరూ, రాడ్డూ, బోల్టులూ. "బియ్యం డబ్బా వెనకాల దాచేడు మీ నాన్న. నా వంటింట్లో దాస్తే నాకు తెలవదనుకున్నాడు" అంది.

డ్రైవరుని దిగమన్నాను. షెడ్డులో పసుపు పూసి పూలు పెట్టిన పానాల్లోంచి రెండు తీసుకున్నాను. హాఫ్ ఇంచివి. గేటు దగ్గర గగ్గోలు పెట్టేరు. "అరే దీదీ, ఆజ్ నహీ, ఆజ్ ఔజార్ మత్ ఛూనా" అని భయ్యా నిజంగా భయపడి చేతులు జోడించేడు. బాబాయి "రేపు పొద్దున్నే నేనే బిగించీస్తాను తల్లీ, ఒట్టు" అన్నాడు. రేపట! రేపటికి ఇంకొకడు ఇంకో మంచిపని చేస్తాడు.

కాలిపరు పట్టీలు విప్పి పక్కన పెట్టి, కారు అడుగు మీద వెల్లకిలా పడుకుని తల స్టీరింగు కిందకి పెట్టేను. కొత్త చీర నూనె మరకలైంది. బోల్టు దూర్చేను, నట్టు తిప్పేను. అవతల పక్క బోల్టు తల తిరిగిపోతోంది. అటునుంచి ఇంకో పానాతో ఎవరైనా పట్టుకోవాలి. "ఎవరేనా పట్టుకోండి" అన్నాను. అంతమంది పనిమంతుల్లో ఒక్కడు కదల్లేదు. దేవుడికి భయపడ్డారో, మా నాన్నకి మొహమాటపడ్డారో.

అటు తలుపు తెరుచుకుంది. అమ్మ వంగింది. "ఎక్కడ పట్టుకోవాలే?"

"నీకెందుకు, పాపం చుట్టుకుంటాదే!" అన్నాడు నాన్న.

అమ్మ వెనక్కి తిరగనైనా తిరగలేదు. "పొద్దున్న మీ అందరికీ పులిహోర ఎలాగొచ్చింది? కత్తిపీట పట్టేను, రోలు పట్టేను, సుత్తి పెట్టి కొబ్బరిచిప్ప కొట్టేను. విశ్వకర్మ పూజనాడు నా పనిముట్లకి ఎవరేనా సెలవిచ్చేరా ఇన్నేళ్ళల్లో? నాకు చుట్టుకోని పాపం ఇప్పుడు చుట్టుకుంటాదేటి?" అని, నా పక్కనున్న రెండో పానా అందుకుని బోల్టు తలకి తగిలించింది. "ఊఁ, తిప్పు."

మా అమ్మ అంత పొడుగు మాట మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ వండుతూ వింటూనే ఉందిగాని, నలుగురూ చెప్పుకునేలాంటి మాట ఒక్కటీ ఆవిడ నోట రాలేదు. ఇద్దరం చెమటలు కక్కుకుంటూ మూడు బోల్టులూ బిగించేం. వేళ్ళు గీసుకుపోయేయి. కొబ్బరికాయ కొట్టిన వాసనా, పెట్రోలు వాసనా కలిసి ముక్కుకి కొట్టేయి.

ఆ రోజు నేను కారు నడపలేదు. నడపడం రాదు కదా, నేర్చుకోవాలి. నేర్పింది ఎవరనుకున్నారు? ఆ తెల్లచొక్కా డ్రైవరే. "నాకు జీతం మాట్లాడేరు, నడిపితేనేం, నేర్పితేనేం" అన్నాడు హిందీలో. మనిషి నిక్కచ్చి. తప్పు చేస్తే స్కేలుతో డాష్‌బోర్డు మీద కొట్టేవాడు. లైసెన్సు ఆఫీసులో గుమాస్తా నా కాలిపరు చూసి ఫారం వెనక్కి తోసేడు. మూడుసార్లు తోసేడు. మూడోసారి అక్కడే కుర్చీలో కూచుండిపోయి, సాయంత్రం తాళం వేసే టైముకి లెర్నర్ లైసెన్సు పుచ్చుకుని లేచేను. పక్కన లైసెన్సున్నవాడు కూచోవాలన్నారు. నాన్న ఆ వయసులో నడపడం నేర్చుకుని, పరీక్షకెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాడు, నాతో చెప్పకుండా. క్షమించమని అడగలేదు. నేనూ క్షమించేనని చెప్పలేదు. కార్లో ముందు సీట్లో వచ్చి కూచునేవాడు, అంతే.

నేర్చుకున్న రెండు నెలలకి, ఒక సాయంత్రం పవర్ హౌస్ బజారు వైపు వెళ్ళేం. ఆటోలు, తోపుడుబళ్ళు, స్టేషన్ నుంచి వచ్చే జనం. మలుపు దగ్గర లీవరు ఒక్క క్షణం ముందు వదిలీసేను. కారు ఎగిరి ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా. వెనకాల హారన్లు మొదలయ్యేయి. తాళం తిప్పితే ఇంజను దగ్గుతోంది, అందుకోటం లేదు. నా పక్కకే వచ్చి ఆగిన లారీలోంచి డ్రైవరు నడుం దాకా బయటికి వంగి, "అంధీ హై క్యా? గాడీ చలానా నహీ ఆతా తో ఘర్ మే బైఠ్! హటా ఇస్ డబ్బే కో!" అని అరిచేడు. గుడ్డిదానివా, నడపడం రాకపోతే ఇంట్లో కూచో, ఈ డబ్బా అడ్డం తియ్యి అని. ఇంకా ఏవో తిట్టేడు, రాయను.

నాన్న గబగబా నా మీదుగా వంగి నా అద్దంలోంచి తల బయటికి పెట్టేడు. "భాయ్‌సాబ్, నారాజ్ మత్ హోనా, బిటియా కా పైర్..."

చొక్కా పట్టుకుని వెనక్కి లాగేను. "చెప్పకు నాన్నా. నా కాలు సంగతి ఒక్క ముక్క చెప్పేవంటే ఇక్కడే దింపీసి పోతాను."

నాన్న తన సీట్లోకి జరిగేడు. నేను నా అద్దంలోంచి తల బయటికి పెట్టి, రోడ్డు నీ బాబుదా అని బడిలో వెనక బెంచీ మీదకి అరిచినట్టు అరిచేను. "తేరే బాప్ కీ సడక్ హై క్యా? దో మినిట్ రుక్ నహీ సక్తా?" లీవరు నొక్కేను, తాళం తిప్పేను, ఇంజను అందుకుంది. ఫస్టు గేరు వేసి లాగించేను. వాడు వెనకాల ఇంకా తిడుతూనే ఉన్నాడు.

పక్కన నాన్న నా వైపు చూడకుండా ముందుకి చూస్తూ కూచున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడో, దుమ్ము పడిందో నేనడగలేదు. నాకొచ్చింది ఏడుపో నవ్వో నాకే తెలీలేదు. ముప్ఫై ఏళ్ళు వస్తున్నాయి నాకప్పటికి. రోడ్డు మీద ఒక మగాడు అయ్యో పాపం అనకుండా, నా కాలు వైపు చూడకుండా, అందర్నీ తిట్టినట్టే నన్నూ తిట్టడం అదే మొదలు. ఎవడో తెలీదు. మొహం కూడా సరిగ్గా చూడలేదు. వాడి కడుపు చల్లగుండ.